ఈత రాని కుటుంబం ఒక పగటి కోసం అండమాన్‌లోని జాలీ బాయ్ దీవికి వెళ్ళవచ్చా?

విజయనగరం నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. జనవరి నెలాఖరులో వారు కుటుంబంతో అండమాన్ వెళ్తున్నారు. అందులో ఒక రోజు ఏదైనా చిన్న దీవికి వెళ్ళి, స్నార్కెలింగ్ చేసి, అంటే కళ్ళూ ముక్కూ కప్పే అద్దపు మాస్కు, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని నీటి పైన బోర్లా తేలుతూ అడుగును చూసి, సాయంత్రానికి తిరిగి రావాలని అనుకుంటున్నారు. ఆమెకు గానీ ఆమె భర్తకు గానీ ఈత రాదు. పన్నెండేళ్ళ బాబుకు కొద్దిగా వచ్చు. రక్తపోటుకు మందు వాడుతున్న అరవై నాలుగేళ్ళ అత్తగారు కూడా వెంట వస్తున్నారు. ఏ దీవికి వెళ్ళాలి, ఏమేమి పట్టుకువెళ్ళాలి, ఈత రాకుండా నీటిలో దిగవచ్చా, అసలు అంత దూరం పోకుండా మన చింతపల్లి దగ్గరో భీమిలి దగ్గరో ఈ ముచ్చట తీర్చుకోకూడదా అని అడిగారు.

నాది కళింగపట్నం పక్క ఊరు. పధ్నాలుగేళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం ఆ ఊరికి దగ్గరలోని వండూర్ రేవు నుంచి దీవులకు తిరిగే పడవల మీద పనిచేశాను. ఈత రానివారిని ఎందరినో చేయి పట్టుకుని నీటిలో దింపాను. మిగిలిన జవాబులకు దారి మీ చివరి ప్రశ్నలోనే ఉంది కనుక దానితోనే మొదలుపెడతాను.

మన శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. అయినా ఈ తీరంలో ఎక్కడా పగడపు దిబ్బ పెరగదు. పగడం చూడడానికి రాయిలా కనిపించినా అది ప్రాణి. దాని ఒంటిలో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. ఆ నాచు ఎండను తిని వండిన ఆహారంతోనే పగడం బతుకుతుంది. అంటే నీరు గాజులా తేటగా ఉండి, ఎండ అడుగు దాకా దిగితేనే దానికి తిండి. మన దగ్గర చూస్తే బారువ వద్ద మహేంద్రతనయ, కళింగపట్నం వద్ద వంశధార, ఆ దిగువన నాగావళి, కోనాడ వద్ద చంపావతి, ఇవన్నీ ప్రతి వానాకాలం ఎర్రమట్టినీ మంచినీటినీ తెచ్చి సముద్రంలో కలుపుతాయి. ఆ నీటిలో పగడం నిలవలేదు. దీనికి తోడు మన ఒడ్డు కెరటాలకు నేరుగా ఎదురుగా ఉంది. చింతపల్లి, భీమిలి వైపు సముద్రంలో రాతి గుట్టలున్నాయి, అక్కడ శిక్షణ పొందినవారితో స్కూబా డైవింగ్, అంటే వీపున గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగడం, చేయించేవారూ ఉన్నారు. కానీ ఈత రాని కుటుంబం నీటి పైన బోర్లా తేలుతూ అడుగును చూడడానికి అవి తగిన చోట్లు కావు. పగడపు దిబ్బలు కావాలంటే దేశంలో కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులు, వీటిలో ఒకచోటికి వెళ్ళక తప్పదు. మీరు ఎలాగూ అండమాన్‌కే వెళ్తున్నారు కనుక ఆ కోరిక అక్కడే తీర్చుకోండి.

మన తీరం మనకు ఒక భయాన్ని నేర్పింది. కళింగపట్నంలోనైనా చింతపల్లిలోనైనా మోకాలి లోతులో నిలబడితే కెరటం వెనక్కి పోతూ కాలి కింది ఇసుకను లాక్కుపోతుంది. అందుకే పెద్దవాళ్ళు పిల్లలను రెక్క పట్టుకుని నిలబెడతారు. ఆ భయం ఇక్కడ ప్రాణం కాపాడుతుంది. దీవిలో మాత్రం అందులో సగమే పనికివస్తుంది. జనవరిలో జాలీ బాయ్ ఒడ్డున నీరు చాలా రోజులు చెరువులా ఉంటుంది, కెరటం మిమ్మల్ని పడదోయదు. అక్కడ ప్రమాదం వేరే రూపాల్లో వస్తుంది: తడబడిన ఊపిరి, నీటి లోపల తెలియకుండా పక్కకు నెట్టే ప్రవాహం, వీపును కాల్చే ఎండ, తెలియక అడుగు పెట్టిన పగడం. నేను చెప్పబోయేదంతా ఈ నాలుగింటి గురించే.

ముందు దీవి సంగతి. మీలాంటి కుటుంబానికి నా ఓటు జాలీ బాయ్‌కే. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, టికెట్ల మీద ఏ పేరు కనిపించినా ఊరు అదే. అక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో వండూర్ ఉంది. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కుకు ఆ ఊరే వాకిలి. పార్కులోని 15 దీవుల్లో జాలీ బాయ్, రెడ్ స్కిన్ అనే రెండింటికి మాత్రమే సందర్శకులను తీసుకువెళ్తారు, అది కూడా వంతులవారీగా; ఒకటి తెరిచి ఉన్నప్పుడు రెండోదానికి విశ్రాంతి ఇస్తారు. శీతాకాలం నుంచి వేసవి దాకా సాధారణంగా జాలీ బాయ్ వంతు కనుక మీ ప్రయాణానికి అది సరిపోతుంది. ఆ దీవిలో ఎవరూ నివసించరు. దుకాణం లేదు, రాత్రి బస లేదు. అటవీ శాఖ అనుమతి పత్రం లేనిదే పడవ ఎక్కనివ్వరు కనుక ఆ పత్రం, పడవ టికెట్టు ముందుగానే తీసుకోండి, నలుగురి గుర్తింపు కార్డులూ దగ్గర ఉంచుకోండి. సోమవారం పార్కుకు సెలవు. ఈ ఒక్క విషయం చూసుకోక, చేతిలో ఉన్న ఒకే ఒక్క ఖాళీ రోజు పోగొట్టుకున్న కుటుంబాలను వండూర్ గేటు దగ్గర చాలాసార్లు చూశాను. పిల్లల ముఖాలు చూస్తే మనసుకు కష్టంగా ఉండేది.

నార్త్ బే అనే మరో చోటు పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురుగానే ఉంది. పాత 20 రూపాయల నోటు వెనుక కొబ్బరి చెట్ల మధ్య కనిపించే దృశ్యం దానిదే. చేరడం సులువే గాని జనం, పడవలు, నీటి ఆటల సందడి ఎక్కువ. మొదటిసారి నీటిలో ముఖం పెట్టేవారికి కావలసిన నెమ్మది అక్కడ దొరకదు. హేవ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్ మంచిదే. అయితే హేవ్‌లాక్‌లో, అంటే 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్న దీవిలో, రెండు రాత్రులు ఉండేవారికే అది వీలు. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఒక పూటలో వెళ్ళి వద్దామనుకుంటే రోజంతా పడవల్లోనే గడిచిపోతుంది.

తేదీ ఎంచుకునే విషయంలో మన గోడ మీది తెలుగు క్యాలెండర్ మీకు ఎంతో మేలు చేస్తుంది. అమావాస్యకు, పున్నమికి ఆటుపోట్లు పెద్దవిగా ఉంటాయని మన మత్స్యకారులందరికీ తెలుసు. అండమాన్‌లోనూ అంతే, ఆ రోజుల్లో నీరు ఎక్కువగా ఎక్కి, ఎక్కువగా దిగుతుంది, దీవుల మధ్య సందుల్లో ప్రవాహం జోరుగా పారుతుంది. అష్టమి నాటికి సూర్యచంద్రుల లాగుడు ఒకదానికొకటి అడ్డంగా పడి పోటు మందగిస్తుంది. ఆ మందగింపు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనిపిస్తుంది. కాబట్టి అష్టమి నుంచి దశమి లోపు ఒక రోజు దొరికితే, ఈత రానివారికి అంతకంటే మంచి రోజు ఉండదు. పూర్తిగా పాటు మీద ఉన్న వేళ, అంటే నీరు బాగా వెనక్కి తగ్గినప్పుడు, దిగవద్దు. అప్పుడు పగడాల పైన నీరు మోకాలి లోతు కూడా ఉండక పొట్ట గీసుకుంటుంది, కాలు తప్పనిసరిగా పగడం మీద పడుతుంది. నీరు ఎక్కుతున్న వేళ అన్నిటికంటే మేలు.

ఇక అసలు విషయానికి వస్తాను. స్నార్కెలింగ్‌కు ఈత కంటే ముందు కావలసింది ఊపిరి. ఈ మాట తేలికగా అనడం లేదు, మా ఇంట్లో జరిగినది చెబుతాను. మా బావగారిది నరసన్నపేట దగ్గర ఊరు. చిన్నప్పటి నుంచి వంశధారను అడ్డంగా ఈదిన మనిషి. ఒక శీతాకాలం అక్కయ్యతో కలిసి మా దగ్గరికి వచ్చినప్పుడు, నాకు ఈత వచ్చు కదా అని లైఫ్ జాకెట్ వద్దన్నారు. పెద్దవారు కనుక నేనూ గట్టిగా చెప్పలేకపోయాను. పీకల లోతు నీటిలో ముఖం వంచిన రెండో నిమిషంలో గొట్టంలోకి కాస్త నీరు వచ్చింది. అది ఊదేస్తే పోయేది. ఆయన మాత్రం ముక్కుతో గాలి పీల్చబోయారు, మాస్కు ముఖానికి అంటుకుపోయింది, గాలి ఆడక కంగారుపడి మాస్కు లాగిపారేసి, కాలు దొరికిన చోట నిలబడ్డారు. ఆ దొరికిన చోటు కొమ్మల పగడం. అరికాలు రెండు చోట్ల తెగింది. పగడపు గాయంలో సన్నటి పొడి, చెత్త ఉండిపోతాయి కనుక అది త్వరగా మానదు. ఊరికి వెళ్ళాక కూడా మూడు వారాలు కుంటారు. ఆ రోజు నేను కచ్చితంగా చెప్పి ఉండవలసింది. అప్పటి నుంచి ఎంత గొప్ప ఈతగాడికైనా మొదటి పది నిమిషాలు నడుం లోతులోనే అని నియమం పెట్టుకున్నాను.

ఆ పది నిమిషాల పనిని సగం మీ ఇంట్లోనే పూర్తి చేసుకోవచ్చు. ఒక మాస్కు, గొట్టం కొనుక్కోండి. కొనేటప్పుడు మాస్కు పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, చేతులు వదలండి. మాస్కు కింద పడకుండా ముఖాన్నే అంటిపెట్టుకుంటే అది మీ ముఖానికి సరిపోయినట్టు. పడిపోతే ఎంత ఖరీదైనదైనా వద్దు. ఒక్క వెంట్రుక అంచు కింద ఇరుక్కున్నా నీరు కారుతుంది కనుక మీరు జుట్టును వెనక్కి బిగించి కట్టుకోండి. మీసం గుబురుగా ఉంటే మీ వారు ముక్కు కింద వాజలైన్ రాసుకుంటే కొంత నయం. కళ్ళద్దాలు వాడేవారు అద్దాలతో మాస్కు పెట్టుకోలేరు. పవర్ గాజు బిగించిన మాస్కులు దొరుకుతాయి, ముందే విచారించండి. ముఖమంతా కప్పే పెద్ద మాస్కులు కూడా అమ్ముతున్నారు. నాకు వాటి మీద నమ్మకం లేదు. కంగారులో ఒక్క క్షణంలో తీసేయగలిగినదే కొత్తవారికి క్షేమం.

తర్వాత ఇంట్లో పెద్ద గంగాళమో వెడల్పాటి టబ్బో నింపి బల్ల మీద పెట్టండి. మాస్కు పెట్టుకుని, గొట్టం చివరి రబ్బరు ముక్కను పళ్ళతో మెల్లగా కరిచి, పెదవులు దాని చుట్టూ మూసి, ముఖం నీటిలో ఉంచండి. మొదట గుండె దడదడలాడుతుంది. ముఖానికి నీరు తగిలితే మనసు ఊపిరి బిగబట్టమంటుంది. మీరు దానికి ఎదురు వెళ్ళి నోటితో నెమ్మదిగా పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలాలి. పూర్తిగా వదలడమే ఇందులోని కీలకం. పైపైన గబగబా పీల్చేవారికి గొట్టంలో మిగిలిన పాత గాలే మళ్ళీ మళ్ళీ లోపలికి వెళ్ళి తల బరువెక్కుతుంది, ఊపిరాడనట్టు అనిపిస్తుంది. గొట్టం 40 సెంటీమీటర్లకు మించకుండా చేసేదీ అందుకే. అలా అయిదు నిమిషాలు నిమ్మళంగా గాలి పీల్చగలిగాక, కావాలనే గొట్టంలో కొద్దిగా నీరు పోయించుకుని, ‘తూ’ అని ఒక్క ఊపున ఊదండి. నీరు పైనుంచి చిమ్ముకుంటూ పోతుంది. ఇలా పదిసార్లు చేసినవారికి సముద్రంలో గొట్టంలోకి నీరు వస్తే భయం వేయదు, చేయి నోటి దగ్గరికి పోదు. మాస్కులోకి నీరు వస్తే తల కాస్త పైకెత్తి, మాస్కు పై అంచును నుదుటికి నొక్కి, ముక్కుతో గట్టిగా వదిలితే కింది అంచు నుంచి పోతుంది. రోజూ సాయంత్రం పావుగంట చొప్పున వారం రోజులు నలుగురూ చేయండి, అత్తగారితో సహా. విశాఖలో ఈత కొలనుకు ఒకటి రెండు సార్లు వెళ్ళగలిగితే ఇంకా మంచిది. నాగావళిలోనో చంపావతిలోనో మాత్రం ఈ సాధన చేయకండి. ఇసుక తీసిన గోతులు పైకి కనిపించవు.

ఆ రోజు తెల్లవారుజామునే లేవండి. అండమాన్ మనకు బాగా తూర్పున ఉండి గడియారం మాత్రం మనదే కావడంతో అక్కడ త్వరగా తెల్లవారి, జనవరిలో సాయంత్రం అయిదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. వండూర్ నుంచి పడవలు ఉదయమే బయలుదేరుతాయి. మడ అడవుల దీవుల మధ్య నుంచి సుమారు గంట ప్రయాణం. పడవలో వాంతి అయ్యే స్వభావం ఎవరికైనా ఉంటే ముందు రోజే డాక్టరును అడిగి మాత్ర తీసుకువెళ్ళండి, అయితే కొన్ని మాత్రలు నిద్ర తెప్పిస్తాయి. మత్తుగా ఉన్నవారిని నీటిలో దింపకండి.

వండూర్‌లో సంచులన్నీ వెతుకుతారు. దీవికి ప్లాస్టిక్ వెళ్ళకూడదు. చిప్స్ పొట్లాలు, పలుచటి సంచులు, వాడి పారేసే సీసాలు అక్కడే ఆపేస్తారు. ఈ కట్టుదిట్టం చూసి విసుక్కునేవారు ఉంటారు. ఆ దీవి ఇసుక మీద ఒక్క కవరు కూడా ఎగరకపోవడానికి కారణం అదే. దీవిలో తిండి దొరకదు కాబట్టి స్టీలు డబ్బాల్లో పులిహోర, స్టీలు సీసాల్లో మనిషికి కనీసం రెండు లీటర్ల చొప్పున మంచినీరు పెట్టుకోండి. పలాస జీడిపప్పు పట్టుకువెళ్తే దాన్ని పొట్లంలోంచి తీసి డబ్బాలో పోయండి. కడుపు నిండా తిని నీటిలో దిగవద్దు. తిండి కార్యక్రమం స్నార్కెలింగ్ అయ్యాకే.

బట్టల గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. చీర, చున్నీ, వదులు ప్యాంటు తడిస్తే బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటాయి. ఒంటికి అంటుకునే నిండు చేతుల ఈత చొక్కా, పాదాల దాకా ఉండే లెగ్గింగ్ వేసుకోండి. మర్యాదకు మర్యాద, ఎండకు రక్షణ. నీటిలో బోర్లా తేలేవారికి వేడి తెలియదు, ఆ సుఖంలోనే మెడ వెనుక, పిక్కలు, చెవుల అంచులు కాలిపోతాయి. రాత్రికి మంచం మీద వెల్లకిలా పడుకోలేరు. బట్ట కప్పితే సన్‌స్క్రీన్ పూత అవసరం చాలావరకు తగ్గుతుంది. కొన్ని పూతల్లోని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు పగడాలకు హాని చేస్తాయన్న ఆందోళనతో హవాయి రాష్ట్రం 2021 నుంచి వాటి అమ్మకాన్ని ఆపింది. ముఖానికి రాసుకునేది కొనేటప్పుడు ఆ పేర్లు లేనిది చూసుకోండి. ఉంగరాలు, గాజులు లాడ్జిలోనే పెట్టండి. నీటిలో వేళ్ళు ముడుచుకుని ఉంగరం జారిపోతే వెతకడం కుదరదు. మంగళసూత్రం, నల్లపూసలు తీయరు కదా, వాటిని చొక్కా లోపలికి వేసి మెడ దాకా జిప్పు పెట్టుకోండి.

జాలీ బాయ్‌లో పెద్ద పడవ ఆగడానికి రేవు లేదు. కాస్త దూరంలో నిలిపి, అడుగున గాజు బిగించిన చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. దిగగానే నీటిలోకి పరుగెత్తకండి. సహాయకులు మిమ్మల్ని రబ్బరు ట్యూబు పట్టించి లోతుకు లాక్కుపోవడానికి సిద్ధంగా ఉంటారు. వారిలో మంచివారే ఎక్కువ, తెలుగు వచ్చినవారు దొరికినా ఆశ్చర్యం లేదు, అక్కడ మన శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. వారితో మీరు ముందుగా ఒకే మాట చెప్పండి: "బాబూ, మమ్మల్ని ముందు పది నిమిషాలు ఇక్కడే నడుం లోతులో ఉండనివ్వండి, మేము చేయి ఊపాకే తీసుకువెళ్ళండి." లైఫ్ జాకెట్ తప్పనిసరి. దాని కింది పట్టీలు బిగించారో లేదో మీరే చూసుకోండి, లేకపోతే జాకెట్ పైకి తేలి గడ్డానికి తగులుతుంది, మనిషి కిందికి జారతాడు. మాస్కు అద్దం లోపల ఉమ్మి రాసి, సముద్రపు నీటితో ఒక్కసారి తొలిపి పెట్టుకుంటే ఆవిరి పట్టదు. ఎన్నేళ్ళయినా దీన్ని మించిన ఉపాయం నాకు కనిపించలేదు.

తర్వాత ముఖం నీటిలో పెట్టండి. ఇంటి గంగాళంలో పీల్చినట్టే పీల్చండి. చేతులు కొట్టకుండా, కాళ్ళు తుంటి నుంచి మెల్లగా ఆడిస్తే చాలు. నీటిలో వస్తువులు మూడో వంతు పెద్దవిగా, దగ్గరగా కనిపిస్తాయి. చేయి చాస్తే తగులుతుందనుకున్న పగడం ఇంకా కింద ఉంటుంది. అందుకని భయపడి కాళ్ళు ముడవకండి, నిలబడకండి. అలసిపోతే వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ తేలండి, జాకెట్ మోస్తుంది.

అక్కడ చూడవలసినది చాలా ఉంది, కానీ తొందరగా తిరిగేవారికి ఏదీ కనిపించదు. ఒకే చోట అయిదు నిమిషాలు కదలకుండా తేలి చూడండి. కొమ్మల పగడం సందుల్లోంచి చిన్న నీలి చేపలు, మీ నీడ పడగానే ఒక్కసారిగా లోపలికి దూరిపోయినవి, ఒకటొకటిగా మళ్ళీ బయటికి వస్తాయి. ఎక్కడో కటకటమని రాయి కొరుకుతున్న చప్పుడు చెవిన పడుతుంది. అది చిలుక చేప. చిలుక ముక్కులాంటి పళ్ళతో పగడపు రాతిని గీరి, దాని మీది నాచు తిని, రాతి పొడిని తెల్లటి ఇసుకగా విసర్జిస్తుంది. మీరు నిలబడిన ఆ ఒడ్డు ఇసుకలో చాలా భాగం అలా వచ్చినదే. అడుగున బోర్లించిన పళ్ళెమంత ఆల్చిప్ప ఒకటి నోరు తెరుచుకుని ఉంటుంది, లోపలి పెదవులు నీలం, ఆకుపచ్చ కలిసిన పట్టు అంచులా మెరుస్తుంటాయి. మీ చేతి నీడ దాని మీద పడనివ్వండి, ముడుచుకుంటుంది. నీడ తీసి ఊపిరి లెక్కపెడుతూ ఆగండి, మెల్లగా మళ్ళీ విచ్చుకుంటుంది. నా పధ్నాలుగేళ్ళలో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తుంది.

చచ్చిన పగడం కూడా మీకు కనిపిస్తుంది, దానికి సిద్ధపడి వెళ్ళండి. నీరు మామూలు కంటే వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే పగడం తనలోని నాచును బయటికి నెట్టేసి తెల్లగా పాలిపోతుంది. వేడి త్వరగా తగ్గకపోతే ఆకలితో చనిపోతుంది. అండమాన్‌లో 2010లో అలా చాలా పగడం పాలిపోయింది, 2016లోనూ దెబ్బ తగిలింది. కొమ్మల పగడం ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరగగలదు, గుండ్రటి బండ పగడం మాత్రం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు. మీ బాబు ఎత్తున్న బండ పగడానికి వంద ఏళ్ళు దాటి ఉంటుంది. దాని మీద ఒక్కరు నిలబడితే పైపొర నలిగిపోతుంది. అందుకే కాలు పెట్టవద్దని అంత గట్టిగా చెబుతున్నాను. ఇంటర్నెట్‌లో చూసే ఎర్రటి, నారింజ రంగు బొమ్మలు వెలుతురు వేసి తీసినవి. నీరు ముందుగా ఎరుపునే మింగుతుంది కనుక కాస్త లోతులో ఉన్నవన్నీ మీకు నీలం, బూడిద, గోధుమ రంగుల్లో కనిపిస్తాయి. రంగులు బాగా కనిపించేది తక్కువ లోతులోనే.

బాబు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొద్దిగా ఈత వచ్చిన పిల్లలే నన్ను ఎక్కువ కంగారుపెట్టేవారు. వాడు జాకెట్ విప్పి కిందికి మునుగుతానంటాడు. రెండు మీటర్లు దిగేసరికే చెవిలో నొప్పి పుడుతుంది. ఎక్కువసేపు మునగాలని ముందుగా గబగబా ఊపిరి తీసుకునే అలవాటు ఇంకా ప్రమాదం. అలా చేస్తే గాలి కావాలన్న హెచ్చరిక శరీరానికి అందకముందే స్పృహ తప్పవచ్చు, చప్పుడు కూడా కాదు. ఎవరు ఎక్కువసేపు ఉంటారో చూద్దామనే పందేలు నీటిలో వద్దని ఇంటి దగ్గరే మాట తీసుకోండి. నీరు 27, 28 డిగ్రీలే ఉన్నా అరగంటకు పిల్లల పెదవులు నల్లబడతాయి. అప్పుడు ఒడ్డుకు తెచ్చి తుడిచి, ఏదైనా తినిపించి, తర్వాత మళ్ళీ దింపవచ్చు. మీ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ వాడికి చేయి అందేంత దూరంలో ఉండాలి.

ఏ ప్రాణినీ ముట్టుకోకండి. రాతి చేప రాయిలాగే ఉంటుంది, దాని వీపు ముల్లుకు విషం ఉంటుంది. అందంగా కనిపించే శంఖు ఆకారపు నత్తల్లో కొన్ని బతికి ఉంటే కుడతాయి, ఆ విషం ప్రాణం తీయగలదు. చేప ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఆ భాగాన్ని ఉంచి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మూత్రం పోయడం వంటి నాటు వైద్యాలు వద్దు. ఇంకొకటి: అండమాన్ మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. వండూర్ బీచ్ దగ్గరా హెచ్చరిక పలకలు చూస్తారు. సిబ్బంది చూపించిన హద్దులోనే ఈదండి, దారిలో కనిపించిన ఏ కాలువలోనూ కాళ్ళు కడుక్కోవడానికి కూడా దిగకండి.

కళింగపట్నం ఒడ్డున గవ్వలు ఏరుకున్న అలవాటుతో పిల్లలు అక్కడా జేబులు నింపుకుంటారు. దిబ్బలు కట్టే పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్కైనా తీసుకువెళ్ళడం నేరమే, విమానాశ్రయంలో సామాను తనిఖీలో దొరుకుతుంది. తిరిగి పడవ ఎక్కే ముందు బాబు జేబులు మీరే చూడండి. స్నార్కెలింగ్ చేసినవారు మర్నాడే విమానం ఎక్కవచ్చు, దానికి అడ్డు లేదు. స్కూబా కూడా చేద్దామని మనసు మారితే మాత్రం ఆ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు.

చివరగా అత్తగారు. రక్తపోటుకు మందు వాడే పెద్దవారు గొట్టంతో ఊపిరి పీల్చడం గుండెకు అదనపు పని. కనుక ముందు మీ డాక్టరును అడగండి, ఆయన సరేనన్నా నడుం లోతు దాటించకండి. ఆమెకు జాలీ బాయ్ నిరాశ కలిగించదు. ఒడ్డుకు చేర్చే గాజు పడవనే కాస్త ఎక్కువసేపు తిప్పమని అడగండి, డబ్బు తీసుకుని తిప్పుతారు. ఎండ పడి గాజు మీద ఆకాశం మెరుస్తుంటుంది, అందువల్ల చాలామంది పెద్దవారు ఏమీ కనిపించలేదని నిట్టూర్చి కూర్చుంటారు. నా దగ్గర ఉన్న చిట్కా ఇది: ముదురు రంగు శాలువా ఒకటి ఆమె సంచిలో పెట్టండి. గాజు అంచున కూర్చుని, శాలువాను తల మీదుగా గాజు చుట్టూ గుడారంలా కప్పుకుని వంగి చూస్తే మెరుపు పోతుంది, అడుగున ఉన్న ఆ పెద్ద ఆల్చిప్ప పెదవుల రంగు కూడా తేటగా కనిపిస్తుంది.